చాపలల్లే వేళ్లు

సవాయీ దీవిలో ఆడవాళ్లంతా చేరి చాపలల్లే పాకలో సియేని పేరెత్తితే ముందు ఆమె వేళ్లే గుర్తొస్తాయి. మొగలాకు పీలికలు లాగి లాగి అవి కాయలు కాసి, చెక్కలా మొద్దుబారాయి. ఒక వరస పూర్తవగానే ఆమె ఒడిలోంచి ఫోను తీసి సుడోకు ఆటలో అంకెల గళ్లు నింపుతుంది. ఏ గడిలో ఏ అంకె రావాలో ఆమెకు బాగా తెలుసు. కానీ ఆ వేలు ఎనిమిది నొక్కితే ఫోనులో ఏడు పడుతుంది, లేదా అసలేమీ పడదు. మూడు తప్పులైతే ఆట పోతుంది. చాపలో తప్పు పడితే విప్పి మళ్లీ అల్లుకోవచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు. సియేని పళ్లు బిగించి మళ్లీ మొదటి గడి నుంచి ఎత్తుకుంటుంది. గళ్లన్నీ నిండిన రోజున కోడలు చేమదుంపలు మాడ్చినా ఒక్క మాట అనదు.

నిన్న అప్పటికే రెండు తప్పులయ్యాయి, ఇంకా ఒక్క గడి మిగిలింది. పక్కన అల్లుతున్న పిసిలా అనే ఆవిడ ఉండబట్టలేక, "ఆ బల్బు బొమ్మ నొక్కవే, అదే చెప్పేస్తుంది" అంది.

"నీ చాపలో ఆఖరి వరస నేనల్లేస్తే ఊరుకుంటావటే?" అంది సియేని. వేలికి కొబ్బరినూనె రాసి, నడుముకు చుట్టుకున్న గుడ్డకు తుడిచి, తొమ్మిది మీదకు తెచ్చి ఆగిపోయింది. ఆ వేలిని నమ్మలేకపోయింది. చటుక్కున వంగి ముక్కు కొనతో నొక్కింది. గళ్లన్నీ ఆకుపచ్చగా మెరిశాయి.

పాకంతా ఘొల్లున నవ్వింది. "ముక్కుతో గెలుపేమిటే, సిగ్గు లేదూ!" అంది పిసిలా.

"సిగ్గెందుకే? ముక్కు నాదేగా!" అంటూ సియేని మళ్లీ పీలిక అందుకుంది.