అర్థం కాలేదన్నాను

ఎవరికీ చెప్పని మాట ఒకటి నాలో ఏళ్ల తరబడి ఉంది. ప్రార్థనకు మోకాళ్లూనిన ప్రతిసారీ అది నాకంటే ముందే వచ్చి కూర్చుంటుంది. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది భద్రాచలం అవతల ఏజెన్సీ. మేం కోయవాళ్లం. బడిలో మా మాట ఆడినందుకు అయ్యవారు అరచేతులు వాచేలా కొడితే, నాన్న బడి మాన్పించి, ఇంట్లోనే బైబిలు ముందుపెట్టి తెలుగు నేర్పాడు. ఇంట్లో కూడా ఇక కోయమాట వద్దన్నాడు. ఆ తెలుగే నాకు అన్నం పెట్టింది, దేవునికి స్తోత్రం. పనికోసం వెళ్లిన దోహాలో మాత్రం మాది రాజమండ్రి అని చెప్పుకున్నాను. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలో, అద్దె విల్లాలో నాతో ఉండే గోదావరి అమ్మాయిలకూ అదే చెప్పాను. వాళ్లేమీ గుచ్చి గుచ్చి అడగలేదు. నేనే ముందుగా చెప్పేశాను.

అక్కడ ఫుట్‌బాల్ ప్రపంచకప్పు స్టేడియం పనులు జోరుమీదున్న రోజులవి. కూలీల క్యాంప్ క్లినిక్‌లో ఆయాగా చేసేదాన్ని. తెలుగు కూలీల మాట డాక్టరుకు హిందీలో చెప్పడం కూడా నా డ్యూటీయే. ఒక మధ్యాహ్నం సైటులో ఎత్తు నుంచి పడ్డ మనిషిని మోసుకొచ్చారు. తుంటి విరిగింది. చింతూరు వైపు కోయవాడు. సంతలో బేరమాడేంత తెలుగే వచ్చు. పడిపోకుండా నడుముకు కట్టే బెల్టు కొక్కెం ఎవరు విప్పారని కంపెనీ ఆఫీసరు అడిగాడు. ఆయనది కృష్ణా జిల్లా. ఆ నొప్పిలో ఉన్న కాస్త తెలుగూ పోయి, అతను మా మాటలో చెప్పాడు. బెల్టు తాడు పనిచేసే చోటికి అందడం లేదంటే, ఫోర్‌మనే యల్లా యల్లా అని తొందరపెట్టి విప్పమన్నాడట.

దిండు సర్దుతుంటే నా చొక్కా చెయ్యి పైకి జరిగింది. మా అవ్వ పొడిపించిన కోయ పచ్చబొట్లు కనబడ్డాయి. అతని ముఖం విప్పారింది.

“అక్కా, మనోళ్ల పిల్లవే గదా,” అన్నాడు మా మాటలోనే. “వీళ్లకు చెప్పు.”

ఆఫీసరు నవ్వాడు. “ఇదేం అడివి భాషమ్మా? ఏమంటున్నాడు వీడు?”

చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను. “అర్థం కావట్లేదండి. ఇది తెలుగు కాదు.”

తెలుగు కాదన్నది నిజమే. ఆ సగం నిజాన్ని పట్టుకుని ఎన్నిసార్లు నాకు నేను సర్దిచెప్పుకున్నానో.

ఫోర్‌మన్ హిందీలో చెప్పిందే నిలిచింది. తనే విప్పుకున్నాడని తేల్చి, నడవలేని మనిషిని పరిహారం లేకుండా వట్టి చేతులతో విమానం ఎక్కించారు. వెళ్లేముందు అతను నన్ను తిట్టలేదు. నావైపు చూడనే లేదు. అక్కడ సెలవురోజైన ఆ శుక్రవారం చర్చి ఆరాధనలో నేనేం చేశానో తెలుసా? చిన్న మేలుకైనా స్తోత్రం చెప్పే అలవాటు నాది. నా గుట్టు బయటపడనందుకు కూడా చెప్పాను.

దేనికి భయపడ్డాను? ఒక్క నవ్వుకా? నన్ను కొట్టిన అయ్యవారిని జీవితమంతా తప్పుపట్టాను. ఆయనకు కనీసం మా మాట రాదు. నాకు వచ్చు.

ఇప్పుడు మా వైపు పిల్లలకు కోయమాటలో వాచకాలు ఇస్తున్నారట. అది మా హక్కు అంటున్నారు. మంచిదే. నాకు మాత్రం ఆ హక్కు మాట వింటే నోరు చేదవుతుంది.

ఇది కూడా తెలుగులోనే రాస్తున్నాను, అతను చదవలేని తెలుగులో. క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. నేను కోయదాన్ని. అతను చెప్పింది నాకు ప్రతి ముక్కా అర్థమైంది. ఇన్నాళ్లకు రాయగలిగాను.