పోలేరమ్మకు మొక్కిన పెట్ట

నిన్న ఎదురింటి డాబా మీద కోడిపెట్ట కనబడింది. కోళ్ళను మూసే వెదురుగంప మన ఈడువాళ్ళకు గుర్తుందా?

అరవైల్లో, పదిహేనేళ్ళకే నెల్లూరు కాపురానికొచ్చిన నాకు పుట్టిల్లు మైపాడు నుంచి తెచ్చుకున్న రెండు పెట్టలే తోడు. ఒకసారి నాకు జ్వరమొస్తే, తగ్గితే వాటిలో ఎర్రపెట్టను కోస్తానని అత్త పోలేరమ్మకు మొక్కుకుంది. మూడోనాటికి తగ్గింది. చెబితే పెట్ట పోతుందని దుప్పటి కప్పుకుని మూలుగుతూ పడుకున్నాను.

"ఎట్టుందమ్మే?" అంది అత్త.

"ఇంకా తగ్గలేదత్తా."

అత్త కళ్ళు తుడుచుకుని చేతులు జోడించింది. "తల్లీ, ఒకటి చాలకుంటే రెండోది కూడా నీకే. నా బిడ్డని లేపు."

భయంతో నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. అత్త నుదురు తాకి చూసింది.

"చెమట పట్టింది. జ్వరం దిగింది. అమ్మ ఇన్నది."