కుల్సుంబీ కొలిచిన దూరం

ఆదోనిలో బొంతలు కుట్టి బతికే కుల్సుంబీకి నడుము నొప్పి కొత్త కాదు. ఆ నడుముతో జెద్దాకు ఎనిమిది రోజుల ఓడ ప్రయాణం కుదరదని 1983లో డాక్టరు తేల్చేశాడు. ఆమెను విడిచి ఒక్కడినే హజ్‌కు పోనని భర్త పీరా సాబ్ ఆ మాటే ఎత్తడం మానేశాడు. తన మూలంగా ఆయన యాత్ర ఆగిపోయిందన్న దిగులు ఆమెను వదల్లేదు.

మరుసటి ఏడు, విమానంలో పోవచ్చు కదా అంటూ పక్కింటి హనుమక్క టీచరు అట్లాసు తెచ్చి ముందు పరిచింది. కుల్సుంబీ బొంతదారం తీసి ఆదోని నుంచి బొంబాయికి కొలిచింది. అదే దారంతో బొంబాయి నుంచి జెద్దాకు కొలిస్తే ఇంచుమించు ఆరింతలు వచ్చింది.

“రైల్లో బొంబాయికే ఒక దినం పడుతుంది. ఇంక ఆరు దినాలు యాడ కూర్చుంటానక్కా?”

టీచరు నవ్వింది. “నీ లెక్క రైలుకైతే సరే. మూడున్నర వేల కిలోమీటర్లైనా విమానానికి ఐదు గంటలు సాలు. పదికి ఎక్కితే మూడుకు దిగుతావు. ఆడ గడియారం రెండున్నర గంటలు ఎనక, అప్పటికి పన్నెండున్నరే. మధ్యాహ్నం నమాజు ఆడనే సేసుకోవచ్చు.”

పొద్దున వంట ముగించి బొంత ముందు కూర్చుంటే రోజూ కుల్సుంబీ లేచేది మూడు దాటాకే.

“ఐదు గంటలేనా? దినామూ అంతసేపు కూర్చొనే కదా కుడతాండాను,” అని భర్త వైపు తిరిగింది. “దరఖాస్తు తెచ్చి ఇద్దరి పేర్లూ రాయించుపో.”

పీరా సాబ్ అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.