పెంకుల గది గూబలు

నేను సైన్సు టీచర్ని. గుణదలలో ఇల్లు, హనుమాన్ జంక్షన్ దాటాక ఒక ఊళ్లో ఉద్యోగం. పిల్లల్లో శాస్త్రీయ దృక్పథం పెంచాలన్న ఆవేశం నాకు బస్సులో సీటు దొరికిన రోజున ఎక్కువగా, దొరకని రోజున తక్కువగా ఉంటుంది. గుడ్లగూబల పాఠం మొదలుపెట్టిన రోజున కిటికీ పక్క సీటే దొరికింది. తర్వాత జరిగినదానికంతటికీ అదే కారణమని నా నమ్మకం.

మా బడి వెనక ఒక పాత పెంకుల గది ఉంది. లోపల విరిగిన బెంచీలు, అటక మీద ఒక గుడ్లగూబల జంట కాపురం. ముఖం తెల్లగా పళ్లెంలా ఉండే జాతి. ఊళ్లో పాత ధాన్యం కొట్లు పోయి స్లాబులు వచ్చాయి. కాలవ గట్టు మీద తొర్రలున్న తాడిచెట్లు రోడ్డు వెడల్పులో పోయాయి. వాటికి మిగిలింది ఈ అటక ఒక్కటే. ఆ గది జోలికి ఎవరూ వెళ్లేవారు కాదు. గూబ ఇంట్లో దూరితే ఆ ఇల్లు పాడుపెట్టాలని, అంటే తాళం వేసి ఆరు నెలలు వేరేచోట తలదాచుకోవాలని మా వైపు పట్టింపు. మా హెడ్మాస్టరు గారైతే ఆ వైపు కిటికీ కూడా తెరవనిచ్చేవారు కాదు. కారణం అడిగితే, "ఆ గాలి నాకు పడదండీ" అనేవారు.

చదువుకున్నవాళ్లకి కూడా ఇదేం పిచ్చి అని నాకు ఒళ్లు మండింది. గూబలు ఎలుకను అమాంతం మింగి, అరగని ఎముకల్నీ బొచ్చునీ ఉండగా చుట్టి బయటికి కక్కేస్తాయి. గది గుమ్మంలో పడి ఉన్న ఆ ఉండల్ని ఏరి తెచ్చి, ఎనిమిదో తరగతి పిల్లల ముందు పేపరు పరిచి పెట్టాను. ఛీ ఛీ అని ముక్కులు మూసుకున్నవాళ్లే కాసేపటికి పిన్నీసులతో తవ్వుతూ, పుర్రె నాదంటే నాదని కొట్టుకున్నారు.

"ఇవన్నీ బతికుంటే మీ వరిచేలు ఏమయ్యేవర్రా? గూబ దయ్యం కాదు, జీతం అడగని కాపలాదారు. ఇంటికెళ్లి మీవాళ్లందరికీ చెప్పండి" అన్నాను.

చెప్పారు. అక్కడే కొంప మునిగింది.

కొన్నాళ్లకి మా పేరెంట్స్ కమిటీ ఛైర్మన్ గారు స్వీటు డబ్బాతో వచ్చారు. ఆయనకి వరి పొలంతో పాటు పురుగుమందుల కొట్టు ఉంది. బడికి ఎదురుగా కొత్త మేడ కట్టుకుని ఈమధ్యే గృహప్రవేశం చేశారు. వాళ్లమ్మాయి ఆ ఎనిమిదో తరగతిలోనే ఉంది.

"మేడమ్ గారూ, మీకు దణ్ణం పెట్టాలండి. ఆ గది పడగొట్టి బళ్లు పెట్టుకోడానికి షెడ్డు ఏద్దామని ఎప్పట్నించో అనుకుంటన్నామండి. గూబలున్నాయని జేసీబీవోడు కూడా రానన్నాడు. మా అమ్మాయి మీ పాఠమంతా చెప్పేసరికి అందరికీ భయం పోయిందండి. సోమవారం పని మొదలెట్టేస్తాం."

"అటక మీద పిల్లలున్నాయండీ. ఇంకా ఎగరలేవు. గూబలు పోతే ఎలుకలు..." అన్నాను.

"ఎలుకలకి మందుందండి. మన కొట్లోనే ఉంది" అన్నారాయన, ధైర్యం చెబుతున్నట్టు.

హెడ్మాస్టరు గారితో మొరపెట్టుకుంటే, "పాఠం చాలా బాగా చెప్పారండీ" అని మెచ్చుకుని ఊరుకున్నారు. ఇన్నేళ్లూ ఆ గదికి కాపలా కాసింది భయం. దాన్ని నా చేతులతో నేనే వెళ్లగొట్టాను. సాయంత్రం బస్సులో సీటు దొరికినా ఏడుపొచ్చింది.

మర్నాడు క్లాసులో ఆవాసాల గురించి చెప్పాలి. పాఠం పేరు బోర్డు మీద రాశాను. ఛైర్మన్ గారి అమ్మాయి లేచి, "గది పడగొడితే అవి ఏమైపోతాయి టీచర్?" అంది.

"పిల్లలు చచ్చిపోతాయమ్మా. పెద్దవి దగ్గర్లోనే ఎత్తుగా, చీకటిగా ఉన్న చోటేదైనా వెతుక్కుంటాయి."

ఆ పిల్ల కిటికీలోంచి వాళ్ల మేడకేసి చూసింది. "మా మెట్లగదికి ఇంకా తలుపులు పెట్టలేదు టీచర్" అంది.

"అయితే అక్కడికీ రావచ్చు" అన్నాను. ఒట్టు, సైన్సు ప్రకారమే అన్నాను.

శనివారం ఛైర్మన్ గారు మళ్లీ వచ్చారు. ఈసారి స్వీట్లు లేవు.

"గూబ మంచిదేనండి. నాకేం పట్టింపు లేదండి. ఇంట్లో ఆడవాళ్లే... మొన్ననేగా గృహప్రవేశం అయ్యింది. ఇప్పుడది మా మెట్లగదిలో దూరితే ఇల్లొదిలి ఆరు నెలలు ఎక్కడికి పోతామండి? దాని కొంపలో దాన్ని ఉండనిస్తే ఏ గొడవా ఉండదు కదండి?"

ఆ పట్టింపు ఉత్తదని పిల్లలకి చెప్పిందే ఆయనకీ చెప్పడం నా వృత్తిధర్మం. నోరు తెరిచాను కూడా. అటక మీది పిల్లలు గుర్తొచ్చి నీళ్లు నమిలాను. "అవునండీ, ఎందుకొచ్చిన గొడవ!" అన్నాను. ఏ సిద్ధాంతం రుజువైనప్పుడూ నాకు అంత సంతోషం కలగలేదు.

ఇప్పుడు ఆ గది మీద 'గుడ్లగూబల సంరక్షణ కేంద్రం' అని బోర్డుంది. అందులో గూబ బొమ్మ కన్నా ఛైర్మన్ గారి ఫోటో పెద్దది. బోర్డు పెట్టిన రోజున ఆయనకి శాలువా కప్పారు. మూఢనమ్మకాలు వదిలేయాలని ఆయన చాలాసేపు మాట్లాడారు. నేనూ చప్పట్లు కొట్టాను. హెడ్మాస్టరు గారి కిటికీ మాత్రం తెరుచుకోలేదు.

పరీక్షల ముందు పాఠం తిరగేస్తూ, గుడ్లగూబల ఆవాసాన్ని ఎలా కాపాడాలో చెప్పమన్నాను. చెట్లు నరకకూడదు, మందులు చల్లకూడదు అంటూ అందరూ పుస్తకంలోది అప్పజెప్పారు. చివర్లో ఛైర్మన్ గారి అమ్మాయి లేచింది.

"పెద్దోళ్ల భయం మొత్తం పోగొట్టకూడదు టీచర్. కాస్త ఉంచాలి."

క్లాసంతా నవ్వింది. పెంకుల గదిలోంచి గూబపిల్లల బుస, కుక్కర్ కూత వేసే ముందు చప్పుడులా, సన్నగా వినిపిస్తోంది. ఆ జవాబు తప్పని చెప్పాల్సింది నేనే. చెప్పకుండా, కూర్చోమన్నాను.