ఆవాల దిండ్లు వెనక్కి తెచ్చుకున్న అత్త

మా పక్క క్వార్టర్ అత్త మొన్న శుక్రవారం పొద్దున పోయింది. సెక్టర్ సిక్స్‌లో మా వీధి చివర టీ కొట్టు భయ్యా చెప్పాడు, "మౌసీ చలీ గయీ" అని. పాల ప్యాకెట్లు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆవిడకు చెప్పాల్సిన మాట ఒకటి తొమ్మిదేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

చుట్టరికం ఏమీ లేదు. వాళ్లది శ్రీకాకుళం వైపు, మాది విజయనగరం. వాళ్లాయనా మా మామగారూ ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో ఒకే షిఫ్టుకు సైకిళ్లు తొక్కినవాళ్లు, అందుకని అత్త. వీధిలో ఎవరికి పురుడొచ్చినా ఆవిడ చేతి ఆవాల దిండు రావాల్సిందే. పసివాళ్ల తల గుండ్రంగా వస్తుందని ఇక్కడి పొరుగువాళ్ల దగ్గర నేర్చుకుని, పాత నూలు చీర ముక్కల్లో ఆవాలు పోసి కుట్టేది. మహా నోటి దురుసు. ఎవరైనా కుట్టు వంకరగా ఉందంటే, "నీ మొగుడి ముక్కు కన్నా తిన్నగానే ఉందిలేయే" అనేది.

నా మొదటి బాబుకీ కుట్టింది, నీలం గళ్లది. వాడికి మూడో నెల. ఒక మధ్యాహ్నం పక్కకు తిప్పి పడుకోబెట్టి, కదలకుండా ఆ దిండు ముఖానికి దగ్గరగా ఒత్తిపెట్టి, బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్లాను. తిరిగొచ్చి ఎత్తుకుంటే ఊపిరి లేదు. జ్వరం లేదు, జలుబు లేదు. నా కేక విని అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చింది అత్తే. "నీ దిండే మింగేసింది నా బిడ్డని!" అని అరిచాను.

కొన్ని వారాలకు రాయ్‌పూర్ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. పసిపిల్లలు ఎలా నిద్రపోతారు, కొందరు నిద్రలోనే ఎందుకు పోతారు అని ఇల్లిల్లూ తిరిగి పరిశోధన చేస్తోంది. సంచిలోంచి గుడ్డబొమ్మ తీసి, బాబు ఎలా పడుకుని ఉన్నాడో చూపించమంది. నాకు చేతులు రాలేదు. పక్కలో దుప్పటి తప్ప ఏమీ లేదని మా ఆడపడుచు చెప్పేసింది. పదిమందిలో పరువు పోతుందని ఆవిడ భయం.

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న అత్త, పిలవకుండానే లోపలికొచ్చింది. బొమ్మను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. తన కొంగు ఉండచుట్టి దాని ముఖం పక్కన పెట్టి, ఇక్కడ దిండు ఉండేదని, తనే కుట్టిందని వచ్చీరాని హిందీలో చెప్పింది. ఆడపడుచు కసిరితే తెలుగులోకి దిగింది. "ఊరుకోయే. అబద్దం సెప్తే ఆయమ్మ రాసుకున్నదంతా తప్పైపోద్ది. రేపు ఇంకో తల్లికి ఏటి సెప్తాది?"

డాక్టరమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. దిండు వల్లేనని ఎవరూ తేల్చలేరంది. పసివాళ్లను వెల్లకిలా, గట్టి చదునైన పక్క మీద, చుట్టూ మెత్తనివి ఏవీ లేకుండా పడుకోబెడితే ప్రమాదం తగ్గుతుందని చెప్పి వెళ్లింది.

మర్నాటి నుంచి అత్త సంచి పట్టుకుని బయల్దేరింది. మా వీధి అయ్యాక అవతల క్యాంప్ వన్ బస్తీ సందులన్నీ తిరిగింది. దిండు పుచ్చుకున్న పిల్ల ఒకతె పక్క ఊరు కుమ్హారిలో కాపురం ఉంటే బస్సెక్కి అక్కడికీ వెళ్లింది. కుట్టిన ప్రతి దిండూ అడిగి వెనక్కి తెచ్చుకుంది. ఇవ్వనన్నవాళ్లతో వీధిలో నిలబడి పోట్లాడింది. "ఓలమ్మా, తల సొట్ట పోతే పోనీ, పిల్ల ఉండాల కదేటి!" ముసలిదానికి మతి పోయిందని నవ్వుకున్నారు. నవ్వుకుంటూనే ఇచ్చేశారు. మా గుమ్మం మాత్రం ఎక్కలేదు. ఆ నీలం దిండు నా బీరువాలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ఏ పురిటింటికి వెళ్లినా ఖాళీ చేతులతోనే వెళ్లేది. పక్కంతా అరచేత్తో తడిమి, మెత్తగా తగిలినదల్లా తీసి అవతల పెట్టి వచ్చేది. ఈ వీధిలో ఈరోజు గంతులేస్తున్న పిల్లల తల్లులందరం ఆ చేతికి రుణపడ్డాం.

రెండేళ్లకు నాకు పాప పుట్టింది. నేనే కబురు పెట్టాను. గుమ్మంలోనే ఆగి రెండు అరచేతులూ తిప్పి చూపించింది. "ఏటీ తేనేదమ్మా" అంది. వెల్లకిలా పడుకున్న పాపను చూసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా నేను! దిండు ఒత్తిపెట్టింది నేనని నాకు తెలుసు. తెలియక కుట్టావు, తెలియక పెట్టాను అనడానికి ఎంతసేపు పడుతుంది? "టీ తాగుతావా అత్తా" అన్నాను. అంతే. ఎంత పిరికిదాన్నో చూడండి.

శుక్రవారం ఆ దిండు సంచిలో పెట్టుకుని వెళ్లాను. అత్తను ముందు గదిలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టారు. "తలకింద ఏటైనా ఎట్టండే" అంది ఎవరో పెద్దావిడ. కోడలు లోపలినుంచి తలగడ తెచ్చింది.

"వద్దు వదినా" అన్నాను. "అత్త ఒప్పుకోదు."

కోడలు తలగడ తీసి అవతల పెట్టింది. పక్కన కూర్చుని, చెవి దగ్గరకు వంగి, నీ తప్పు కాదత్తా అన్నాను. చాప చదునుగా ఉంది, ఆవిడ చుట్టూ ఏమీ లేదు. నా ఒళ్లోని సంచిలో, వేళ్ల కింద, ఆవాలు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మెల్లగా జారుతున్నాయి.