నాలుగు మూలలకు మొక్కిన పిల్ల

పులివెందుల కల్యాణ మండపంలో పెళ్లికూతురి గదిని ఆ రోజు పోటీకి వచ్చిన ఆడపిల్లలకు ఇచ్చారు. గోడ నిండా అద్దం. మా అమ్మాయి ఆ అద్దం ముందు కుర్చీలో కూర్చుని చేతులకు గుడ్డ చుట్టుకుంటోంది. అప్పటికే ఒక ఆట గెలిచింది. మధ్యాహ్నం మూడింటికి ఫైనల్. జమ్మలమడుగు పిల్లతో.

రెండేళ్లుగా ప్రొద్దుటూరులో ఒక పాత పత్తి గోడౌనులో ముయే థాయ్ నేర్చుకుంటోంది. థాయ్‌లాండ్ వాళ్ల పాత యుద్ధవిద్య అది. పిడికిలి, మోచేయి, మోకాలు, కాలు, అన్నిటితోనూ కొట్టవచ్చు. చేర్పించినప్పుడు మా అక్క, "పెళ్లిచూపులకొచ్చినోన్ని తన్నితే ఏం జేస్తావే?" అని ఎగతాళి చేసింది. ఈసారి అందరికంటే ముందు బస్సెక్కింది ఆమే. పోటీ కాగితం మీద సంతకం మాత్రం నాది. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాను. దెబ్బలు తగలవచ్చని అందులో ఉంది. తెలిసే పెట్టాను.

ఉదయం ఆటలో ఎదుటి పిల్ల కాలు మా అమ్మాయి చెవి మీద తగిలింది. తల తొడుగు ఉంది కదా అనుకున్నాం. తూలకుండా నిలబడి, ఆట ముగించి, నవ్వుకుంటూ దిగింది.

ఆటకు ముందు ఒక మొక్కు ఉంటుంది. తాడుతో అల్లిన కట్టు తలకు పెట్టుకుని, రింగు తాడు మీద చేయి ఆనించి చుట్టూ నడుస్తారు. నాలుగు మూలల్లో ఆగి తల వంచుతారు. నడుమ మోకరిల్లి గురువుకు మూడుసార్లు మొక్కి, నెమ్మదిగా నాట్యంలా కదులుతారు. ఆ కట్టు గురువే పెట్టాలి, గురువే తీయాలి. ఫైనల్‌కు గంట ముందే కోచ్ సార్ కట్టు పెట్టి, తలుపు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

అమ్మాయి లేచింది. గాలిలో చేయి చాచింది. అక్కడ తాడు ఏమీ లేదు. అయినా తాడు ఉన్నట్టే అరచేయి ఆనించి నడిచింది. గది రింగు కంటే చిన్నది కాబట్టి గోడకు భుజం తగిలింది. అక్కడే ఆగి గోడకు తల వంచింది. తరువాత అద్దానికి వంచింది. కళ్లు అద్దంలో తనను చూడడం లేదు. మిగతా పిల్లలు మాటలు ఆపేశారు.

"తల్లి వచ్చింది," అంది మా అక్క మెల్లగా. ఎవరో పసుపునీళ్లు తెచ్చి కాళ్ల మీద పోశారు. అక్క కర్పూరం వెలిగించి, "ఏం గావాల తల్లీ నీకు? పాప గెలుస్తాదా?" అని అడిగింది. నేను కూడా చేతులు జోడించాను. నా కూతురి ముందు, తల వంచి.

మూడుసార్లు మొక్కి అమ్మాయి లేచింది. నా వైపు తిరిగి చిన్నగా నవ్వింది.

"అమ్మా, నా మొదటి ఆట ఎప్పుడు పెడ్తారు?"

అయిపోయింది కదా, గెలిచినావు కదా అన్నాను. సరే అంది. గుడ్డ సర్దుకుంది. మళ్లీ అదే నవ్వు, అదే గొంతు.

"అమ్మా, నా మొదటి ఆట ఎప్పుడు పెడ్తారు?"

అమ్మవారు పూనిన మనిషి కన్నతల్లిని కూడా బిడ్డా అనే పిలుస్తుంది. ఇది నన్ను అమ్మా అంటోంది. ఇక్కడ అమ్మవారు లేదు. నా బిడ్డ ఒక్కతే ఉంది, అది కూడా సగమే.

కట్టు తీయబోయాను. కోచ్ సార్ చేయి అడ్డం పెట్టాడు.

"మీరు తియ్యగూడదమ్మా. ఇట్ల తల్లి వచ్చినప్పుడు పాపకు ఎదురెవురు నిలబడ్తారు?"

"పొద్దున తలకు దెబ్బ తగిలింది సార్ దానికి. గురువు కోపమేదైనా ఉంటే నాకే తగలనీ," అని కట్టు తీసి అతని చేతిలో పెట్టాను. అక్క నన్ను పాపం చేసినదాన్ని చూసినట్టు చూసింది. కర్పూరం ఇంకా మండుతూనే ఉంది.

ఆటోలో ఆసుపత్రి చేరేలోపు అదే మాట పదకొండుసార్లు అడిగింది. ప్రతిసారీ కొత్తగా విన్నట్టే జవాబు చెప్పాను. డాక్టరు తలకు స్కాన్ తీయించాడు. మెదడు అదిరిందని, ఈ స్థితిలో ఇంకో దెబ్బ పడి ఉంటే తాను ఏమీ చెప్పలేకపోయేవాడినని అన్నాడు.

పొద్దు వాలేవేళకు మంచం మీద లేచి కూర్చుంది. గోడ వైపు, అద్దం వైపు తిరిగి మొక్కింది తనకు గుర్తు లేదు. అలా చేశావంటే నమ్మలేదు.

"నన్ను ఫైనల్ నుంచి తీసుకొచ్చింది ఎవురు?"

నేనే అన్నాను. ముఖం గోడకు తిప్పుకుని పడుకుంది. ఆ రోజంతటిలో అది అడిగిన కొత్త ప్రశ్న అదొక్కటే. ఆ వీపును చూస్తూ పక్కనే కూర్చున్నాను.