ముందుగాలనే కలిపిన చక్కెర నీళ్లు

ముప్పై ఏండ్ల సంది ఒక గ్లాసెడు చక్కెర నీళ్లు నా గుండె మీద బరువై కూసున్నయి. నవ్వకు. నువ్వెవరో నాకు తెల్వదు, అందుకే నీకు చెప్తాన. తెలిసినోళ్ల ముందల నోరు లేవదు.

అవి రెండో ప్రపంచ లడాయి రోజులు. వరంగల్ బజార్ల మాది బియ్యం దుకాణం. మా అత్తమ్మకు చక్కెర బీమారి. రోజూ పొద్దున ఇన్సులిన్ సూది పెట్టాలె. ఇంటి ఆడోళ్లల్ల నాలుగో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే గనుక ఆ పని నా మీద పడ్డది. సూది ఉడకబెట్టుడు, మందు గీతదాకా గుంజుడు, అన్నీ దవాఖానల డాక్టర్ సాబే నేర్పిండు. ఒక మాట మూడుసార్లు చెప్పిండు. సూది పెట్టినంక అర్ధగంటల తినాలె, తినకుంటే చెమటలు పడ్తయి, వణుకుతది, మాట తప్పుతది, పానం మీదికొస్తది. తినని పూట సూది ముట్టకు, ముందు నన్నడుగు అని.

నాది చిన్నప్పటి సంది ఒకటే రోగం. ఏదైనా విప్పి చూడాలె. మా నాయిన గడియారం విప్పి తన్నులు తిన్నదాన్ని. ఆ సీసల మందు ఉత్త నీళ్ల లెక్కనే ఉండేది. చెంచెడు గూడ కాదు. గదేం చేస్తది? మా అత్తమ్మ దగ్గితే ఇల్లంత వణికేది. గసుంటి మనిషిని గూడ వణికిస్తదా?

ఆమె మీద కోపముండెనా అని నన్ను నేను ఎన్నోసార్లు అడుక్కున్న. ఉంటే ఉండొచ్చు. కానీ ఆ పొద్దు నా మనసుల ఉన్నది తెలుసుకోవాలన్న యావనే. అది ఇంకా పాడుది కదా? కోపానికైతే ఒక కారణం ఉంటది.

శ్రావణం మొదటి శనివారం. అత్తమ్మ తానం చేసొచ్చి, ఇయ్యాల ఒక్కపొద్దు, మాపటిదాకా ఏం తిననన్నది. సూది మాత్రం పెట్టుమన్నది. సూది తిండి కాదాయె, ఒక్కపొద్దు చెడదన్నది. అప్పుడే డాక్టర్ సాబు మాట చెప్తే అయిపోయేది. చెప్పలే. నిండు మోతాదు పెట్టిన. సూది పెట్టకముందే కంట్రోలు దుకాణంల తెచ్చిన చక్కెర గ్లాసెడు నీళ్లల్ల కలిపి, మూత పెట్టి, పొయ్యి పక్కకు దాచిన. గంత తెలివి ఉన్నది నాకు.

చాట పట్టుకొని ఆమె ముందల బియ్యం ఏరుకుంట కూసున్న. మొదలు పై పెదవి మీద చెమట. తర్వాత జపమాల జారింది. చేతులు వణికినయి. నన్ను "అమ్మా" అన్నది, ఏనాడూ "పిల్లా" తప్ప అననిది. నేను లేవలే. ఇంకేమైతదో చూద్దామని ఇంకో రెండు పిడికిళ్లు ఏరిన. తల వాలబోతుంటే అప్పుడు నా పై పానాలు పైన్నే పోయినయి. ఉరికి గ్లాసు తెచ్చి గుక్క గుక్క తాపిన. ఇంకా మింగగలిగింది, నా అదృష్టం. జరసేపటికి కండ్లు తేరుకున్నయి. అన్నం కలిపి తినిపిచ్చిన.

తిన్నంక ఖాళీ గ్లాసు దిక్కు చూసింది.

"చక్కెర ఎప్పుడు కలిపినవ్ పిల్లా?"

"ముందుగాలనే అత్తమ్మా. ఎందుకో మనసుకు అట్లనిపిచ్చింది."

నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. దేవుడే నా కోడలి మనసుల చొచ్చి చెప్పిండని బజారంత చెప్పుకున్నది. కోడలు పానం పోసిందన్నది. నేను తల వంచుకొని విన్న. ఒక్కసారన్న కాదనలే.

తర్వాత తొమ్మిదేండ్లు బతికింది. తినంది సూది పెట్టనని నేనంటే, నీ మాటే కానీ అనేది. ఇంకెవ్వరి చేతా సూది పెట్టిచ్చుకోలే. రోజూ పొద్దున కండ్లు మూసుకొని చెయ్యి నా ముందల చాపేది. ఆ చెయ్యి పట్టుకున్నప్పుడల్ల, ఆమెకు తెలుసేమో అనిపిచ్చేది. చక్కెర ఎప్పుడు కలిపినవని తెలిసే అడిగిందా? ఇప్పటికీ తెలుసుకోవాలనే ఉంటది. చూసినవా, నా రోగం కుదరలే.

ఆ గ్లాసు దేవుడు కలిపియ్యలే. ఆమె వణుకుతదా లేదా చూద్దామని నేనే కలిపి పెట్టుకున్న. గీ మాట ఇంతవరకు ఎవ్వరితోని అనలే. ఇయ్యాల నీతోని అన్న.